మిగల ముగ్గిన అరటిపండుతో పాన్‌కేక్: పండును చూసి పిండి కలపాలి

డజను అరటిపండ్లు తెస్తే నాలుగైదు రోజులకు చివరి మూడు తొక్క నల్లబడి బుట్టలో మిగిలిపోవడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. పిల్లలు ముట్టుకోరు. పెద్దవాళ్లు ‘మెత్తబడిపోయింది’ అని పక్కన పెడతారు. వాటితో పాన్‌కేక్‌లు చేసుకోవచ్చని ఇప్పుడు చాలామందికి తెలుసు, యూట్యూబ్ నిండా వీడియోలు ఉన్నాయి. అయినా అవే కొలతలతో చేస్తే ఒక ఇంట్లో దూదిలా వస్తాయి, ఇంకో ఇంట్లో పైన మాడి లోపల పచ్చిముద్దగా మిగులుతాయి, మరో ఇంట్లో నమిలినా తెగవు. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ల మీద తప్పు వేసేస్తాం గానీ, తేడా ఎక్కువగా వచ్చేది పండు దగ్గరే.

మిగల ముగ్గిన పండు పిండిలో ఒకేసారి నాలుగు పనులు చేస్తుంది. తీపి ఇస్తుంది, నీళ్లు చేరుస్తుంది, కాస్త పులుపు కలుపుతుంది, పెనం మీద అట్టు తొందరగా ఎర్రబడేలా చేస్తుంది. ఈ నాలుగూ పండు ఏ రకం, ఎంత ముగ్గింది అన్నదాన్ని బట్టి మారిపోతాయి. కొలతలు రాసినవాళ్ల దగ్గర ఉన్న పండు మన దగ్గర ఉండదు కదా. అందుకే ముందు గుజ్జు ఎంత వచ్చిందో చూసుకుని, పిండి, పాలు, సెగ ఆ తర్వాత తేల్చుకోవాలి.

తొక్క కింద ఏం జరుగుతుంది

గెల కోసేశాక కూడా అరటికాయ ముగ్గుతూనే ఉంటుంది. కాయ ఇథిలీన్ అనే వాయువును తనంతట తానే విడుదల చేస్తుంది, ఆ వాయువే ముగ్గడాన్ని ఇంకా వేగిరపరుస్తుంది. పచ్చికాయలో వంద గ్రాముల గుజ్జుకు సుమారు 20 గ్రాముల పిండిపదార్థం, ఒకటి రెండు గ్రాముల చక్కెర ఉంటాయి. బాగా ముగ్గేసరికి ఈ లెక్క దాదాపు తిరగబడుతుంది. కాయలోని ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొట్టి చక్కెరగా మారుస్తాయి. మొదట ఎక్కువగా ఉండేది సుక్రోజ్, అంటే మనం టీలో వేసుకునే పంచదారే. ఇంకా ముగ్గుతున్న కొద్దీ అది కూడా విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. ఈ చివరి మార్పును గుర్తుపెట్టుకోండి, పెనం దగ్గర దీనితో పని పడుతుంది.

గుజ్జులో చక్కెర పెరిగే కొద్దీ తొక్కలోని నీళ్లు కూడా లోపలికి వస్తాయి. నల్లబడిన పండు తొక్క కాగితంలా పలచబడటానికి, గుజ్జు తడితడిగా అవ్వడానికి ఇదొక కారణం. కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ కూడా కరిగిపోతుంది కాబట్టి ఫోర్కుతో రెండుసార్లు నొక్కితే చాలు, పండు జారిపోతుంది. పసుపు తొక్క మీద ఒక్క చుక్క కూడా లేని పండును మెదపబోతే మాత్రం ఉండలు ఉండలుగా విరుగుతుంది, గిన్నె గోడకు అంటుకుంటుంది. ఆ ఉండలే తర్వాత అట్టు మధ్యలో గట్టిగా తగులుతాయి.

నల్లమచ్చలు పడటానికి కారణం వేరు. పండులోని ఫినాల్ పదార్థాలకు గాలి తగిలితే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వాటిని గోధుమరంగులోకి మారుస్తుంది. వంకాయ కోసి నీళ్లలో వేయకపోతే నల్లబడేదీ ఇలాగే. తొక్క నల్లబడితే లోపల కుళ్లిందని అర్థం కాదు. ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు చలికి తట్టుకోలేక తొక్క నల్లగా అవుతుంది, లోపల గుజ్జు చాలాసార్లు బాగానే ఉంటుంది. ఉష్ణోగ్రత 13 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే అరటికి పడదు.

ఇక్కడే వాట్సాప్‌లో తిరిగే ఒక మాట గురించి చెప్పాలి. మచ్చలు పడిన అరటిపండులో టీఎన్‌ఎఫ్ అనే పదార్థం పుడుతుందని, అది క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని ఆ మెసేజ్ సారాంశం. టీఎన్‌ఎఫ్ అనేది మన శరీరంలోని రోగనిరోధక కణాలు తయారుచేసుకునే ప్రొటీన్. అరటిపండులో అది ఉండదు. ఇంట్లో క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్న మనిషి ఉన్నవాళ్లకు ఇలాంటి మెసేజ్‌లు ఎంత లేనిపోని ఆశ పెడతాయో ఆలోచిస్తే బాధేస్తుంది. దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

మరి ముగ్గిన పండులో పోషకాలు పోతాయా? మొత్తం కార్బోహైడ్రేట్ పెద్దగా మారదు, దాని రూపం మారుతుంది. పచ్చికాయలో తొందరగా అరగని పిండిపదార్థం ఉంటుంది, అది పీచులాగే పనిచేస్తుంది. ముగ్గేసరికి అందులో చాలా భాగం చక్కెరగా మారుతుంది. పొటాషియం మాత్రం ఎక్కడికీ పోదు: ఒక మాదిరి సైజు పండులో సుమారు 420 మిల్లీగ్రాములు.

ఏ పండు, ఎంత గుజ్జు

‘రెండు అరటిపండ్లు తీసుకోండి’ అనే కొలతతో మన దగ్గర పని జరగదు. బజారులో ఎక్కువగా కనిపించే పొడవాటి రకం గ్రాండ్ నైన్, వ్యాపారులు జీ9 అంటారు. తొక్క తీస్తే ఒక్కోటి 100 నుంచి 120 గ్రాములు తూగుతుంది. కర్పూర అరటి అందులో సగం ఉంటుంది. అంటే రెండు జీ9 పండ్లు చెప్పిన చోట రెండు కర్పూరాలు వేస్తే పిండి గట్టిపడుతుంది, తీపి చాలదు, ఆపైన ఇంట్లోవాళ్లు పంచదార డబ్బా వెతుక్కుంటారు. కప్పుతో కొలవండి. 240 మిల్లీలీటర్ల కప్పు నిండా గుజ్జు ఉంటే సుమారు 225 గ్రాములు.

రుచిలోనూ తేడా ఉంది. కర్పూరంలో తీపితో పాటు చిన్న పులుపు తగులుతుంది, పాన్‌కేక్‌కు అది అందం. చక్రకేళి తీపి ఎక్కువ, దొరికితే ఇక పంచదార మాటే అక్కర్లేదు. అమృతపాణి కమ్మగా ఉంటుంది గానీ కొన్ని పండ్లలో గుజ్జు మధ్య గట్టి ఉండలు ఉంటాయి, ఎంత మెదిపినా కరగవు, వేళ్లతో తీసేయాల్సిందే. బొంత అరటిని కూరకు, బజ్జీలకు వదిలేద్దాం. నన్ను అడిగితే కర్పూరానికే నా ఓటు. రావులపాలెం మార్కెట్‌లో గెలలు చూసినవాళ్లకు ఈ రకాల తేడా నేను చెప్పక్కర్లేదు. సూపర్ మార్కెట్‌లో ఒకే రకం కొనుక్కునేవాళ్లే ఒకసారి బండి మీద పండ్లు తెచ్చి చూడాలి.

కార్బైడ్ పెట్టి మాగబెట్టిన కాయలతో ఇంకో చిక్కు ఉంది. తొక్క పసుపెక్కుతుంది గానీ లోపల పిండిపదార్థం చక్కెరగా మారడం సరిగ్గా జరగదు. అలాంటి పండు మూడు రోజులకు నల్లబడ్డా తియ్యగా ఉండదు. కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ వాయువును మాత్రం పరిమితికి లోబడి, 100 పీపీఎం వరకు (అంటే పది లక్షల భాగాల్లో వంద భాగాలు) వాడుకోవడానికి ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతిస్తుంది. కాబట్టి తొక్క రంగును నమ్మకుండా చిన్న ముక్క నోట్లో వేసుకుని తీపి చూడండి. ఎంత తీపి ఉందో తెలిసేది అప్పుడే.

పారేయాల్సిన పండును గుర్తుపట్టడం కష్టం కాదు. తొక్క మీద గానీ కాడ దగ్గర గానీ బూజు ఉన్నా, నీరు కారుతున్నా, కల్లు వాసనో వెనిగర్ వాసనో వస్తున్నా పారేయండి. గుజ్జులో ఒక చోట గోధుమరంగు మచ్చ ఉంటే తీసేసి మిగతాది వాడుకోవచ్చు.

‘చక్కెర లేదు’ అనే మాటలో నిజమెంత

ఇంటిల్లిపాదికీ ఆరోగ్యకరమైన పాన్‌కేక్ అని చెప్పే చోట తరచూ ‘చక్కెర అసలు లేదు’ అని రాస్తుంటారు. చక్కెర ఉంది. ఒక కప్పు గుజ్జులో సుమారు 25 నుంచి 30 గ్రాములు ఉంటుంది. కాకపోతే అది పండులోని పీచుతో, నీళ్లతో, పొటాషియంతో కలిసి వస్తుంది, ఆ కప్పు గుజ్జుతో చేసిన పది అట్లకు పంచుకుంటుంది. అంటే ఒక్కో అట్టుకు మూడు గ్రాముల లోపే. ఇప్పుడు దాని మీద పోసే తేనె సంగతి చూడండి. ఒక టేబుల్ స్పూన్ తేనెలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటుంది. పిండిలో పంచదార మానేశామన్న తృప్తితో పైన రెండు చెంచాల తేనె పోస్తే, ఆ పది అట్లలోని పండు తీపి కంటే ఎక్కువే ఒక్క ప్లేటులోకి వచ్చేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, విడిగా కలిపే చక్కెరలు, తేనె, సిరప్‌లు, పండ్లరసాల్లోని చక్కెర కలిపి రోజు మొత్తం శక్తిలో 10 శాతం మించకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి 10 శాతం అంటే 50 గ్రాములు. తాజా పండును అలాగే తిన్నప్పుడు అందులోని చక్కెరను ఈ లెక్కలో చేర్చరు. బ్రిటన్‌లో మాత్రం స్మూతీలు, ప్యూరీలలోని చక్కెరను కూడా లెక్కలోకి తీసుకుంటారు, ఎందుకంటే గుజ్జు చేస్తే కణాల గోడలు పగిలి చక్కెర బయటకు వస్తుంది. ఈ వాదనలో అర్థముంది. అందుకే మిక్సీలో నున్నగా తిప్పే కంటే ఫోర్కుతో మెదపడం నాకు నచ్చుతుంది, కొంచెం పలుకు మిగిలినా నష్టం లేదు.

షుగర్ ఉన్నవాళ్లు దీన్ని ‘షుగర్ లేని టిఫిన్’ అనుకోకూడదు. గోధుమపిండి, పండు రెండూ కార్బోహైడ్రేట్లే. ఒకటి రెండు చిన్న అట్లు తిని, పక్కన గుడ్డో గుప్పెడు వేరుశనగలో పెట్టుకోవడం మేలు. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు అడిగి తినాలి. ఏడాది నిండని పసివాళ్లకు తేనె ఒక్క చుక్క కూడా పెట్టొద్దు. అందులో ఉండే అవకాశమున్న బాక్టీరియా బీజాలు వాళ్ల పేగుల్లో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తాయి, వేడి చేసినంత మాత్రాన ఆ బీజాలు చావవు.

సోడా ముందా, నానబెట్టడం ముందా

అసలు చిక్కుముడి ఇక్కడుంది. పాన్‌కేక్‌లు పొంగకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

మైదా బదులు గోధుమపిండి వాడాలనుకుంటాం, మంచిదే. గోధుమపిండిలోని తవుడు నీళ్లు మెల్లగా పీల్చుకుంటుంది. పైగా మన చక్కీ పిండి రాళ్ల మధ్య బాగా నలుగుతుంది, పిండిపదార్థపు రేణువులు చితికిపోతాయి, దానివల్ల ఇంకా ఎక్కువ నీళ్లు అడుగుతుంది. కలిపిన వెంటనే సరిగ్గా గరిటె జారుగా ఉన్న పిండి పది నిమిషాలకు ముద్దగా మారేది అందుకే. కాబట్టి గోధుమపిండిని పది పదిహేను నిమిషాలు నానబెట్టాలి. నానకపోతే అట్టు లోపల పొడిపొడిగా, తవుడు నాలుకకు తగులుతూ ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి హోల్ వీట్ పిండితో చేస్తే కొలత ఇంకోలా ఉంటుంది, రెండూ నీళ్లు పీల్చే తీరు ఒకటి కాదు.

మరోవైపు వంటసోడా ఉంది. తడి, పులుపు తగలగానే అది కార్బన్ డయాక్సైడ్ వదలడం మొదలుపెడుతుంది. ఆ బుడగలే అట్టును పొంగించాలి. సోడా వేసి పావుగంట నానబెడితే బుడగల్లో చాలా భాగం గిన్నెలోనే అయిపోతాయి. అంటే నానబెట్టాలి, నానబెట్టకూడదు కూడా.

విడిగా చేస్తే రెండూ కుదురుతాయి. గుజ్జు, పెరుగు, గుడ్డు, పాలు, పిండి కలిపి సోడా లేకుండా నాననివ్వండి. పెనం వేడెక్కాక, చివరి నిమిషంలో సోడాను జల్లెడలోంచి పిండి మీద సమంగా చల్లి నాలుగైదుసార్లు గరిటెతో కింది నుంచి పైకి తిప్పి వెంటనే వేయడం మొదలుపెట్టండి. సోడా ఉండ కట్టిన చోట అట్టు మీద పసుపుపచ్చ మచ్చ, నోట్లో సబ్బు రుచి వస్తాయి కాబట్టి జల్లెడ తప్పనిసరి. బేకింగ్ పౌడర్ అయితే ఇంత కంగారు లేదు. బజారులో దొరికే రకాల్లో చాలావాటికి కొంత వాయువు తడి తగిలినప్పుడు, మిగతాది వేడి తగిలినప్పుడు వస్తుంది.

సోడాకు పులుపు కావాలి. అరటిపండు పీహెచ్ సుమారు 4.5 నుంచి 5.2 మధ్య ఉంటుంది, పులుపు ఉంది గానీ తక్కువ. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే సోడా పూర్తిగా ఖర్చవదు, చేదు మిగులుతుంది. అందుకే పుల్లటి పెరుగు. మంగళూరు బన్స్ తిన్నవాళ్లకు ఈ జత తెలుసు: మిగల ముగ్గిన అరటిపండు, పెరుగు, సోడా కలిపి నానబెట్టి నూనెలో వేయించే పూరీ అది. ముగ్గిపోయిన పండును పారేయకుండా పిండిలో కలపడం మన దక్షిణాది వంటగదులకు కొత్త సంగతేమీ కాదు.

నలుగురికి నేను చెప్పే కొలత ఇది. ఒక కప్పు గుజ్జుకు ఒక కప్పు గోధుమపిండి, పావు కప్పు రాగిపిండి, పావు కప్పు పుల్లటి పెరుగు, ఒక గుడ్డు, పావు కప్పు పాలు, ఒక టేబుల్ స్పూన్ నెయ్యి, పావు టీస్పూన్ వంటసోడా, చిటికెడు ఉప్పు, ఇష్టమైతే యాలకుల పొడి. పాలు మాత్రం కొలతకు కట్టుబడొద్దు. నానిన తర్వాత గరిటె ఎత్తితే పిండి తెగకుండా, మెల్లగా, మందపాటి ధారగా జారాలి. పండు బాగా నల్లబడి ఉంటే పావు కప్పు పాలు కూడా ఎక్కువ కావచ్చు. కర్పూరం అయితే ఇంకో రెండు చెంచాలు పడతాయి. ఉప్పు మానొద్దు, చిటికెడు ఉప్పు లేని అరటిపండు తీపి చప్పగా అనిపిస్తుంది.

గుడ్డు తిననివాళ్లు దాని బదులు ఇంకో పావు కప్పు గుజ్జు వేయొచ్చని చాలా చోట్ల రాస్తారు. గుజ్జు పిండిని పట్టి ఉంచుతుంది గానీ గుడ్డులా పైకి లేపదు, అట్టు కాస్త బరువుగా వస్తుంది. గుడ్డు లేనప్పుడు అరకప్పు పెరుగు, ఒక చెంచా వేయించిన వేరుశనగల పొడి వేస్తే మేలు. ప్రొటీన్ కూడా కొంత పెరుగుతుంది. గుడ్డుతో చేసినా ఈ మొత్తం పిండిలో ప్రొటీన్ 25 గ్రాముల చుట్టుపక్కలే. నలుగురికి పంచితే తలా ఆరు గ్రాములు. పొద్దున టిఫిన్‌కు అది చాలదు కాబట్టి పక్కన గ్లాసు పాలో, గిన్నెడు పెరుగో ఉండాలి.

కలిపేటప్పుడు ఉండలు పూర్తిగా పోవాలని బీటర్‌తో తిప్పడం పొరపాటు. తడి తగిలిన గోధుమపిండిని ఎంత తిప్పితే అందులోని గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్ అంత బిగుస్తుంది, చపాతీకి మనం కోరుకునేదే అది. పాన్‌కేక్‌కు అదే శత్రువు. పొడిపిండి కనపడకుండా పోయిందంటే ఆపేయండి. చిన్న ఉండలు నానేటప్పుడు వాటంతట అవే విడిపోతాయి.

పెనం మీద తొందరపడొద్దు

ముందు చెప్పిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఇప్పుడు పనిలోకి వస్తాయి. ఫ్రక్టోజ్ సుమారు 110 డిగ్రీలకే మాడుచక్కెర రంగుకు తిరగడం మొదలవుతుంది, పంచదారకు దాదాపు 160 డిగ్రీలు కావాలి. అదీకాక గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ పాలు, గుడ్డు, గోధుమల్లోని ప్రొటీన్లతో నేరుగా కలిసి గోధుమరంగు తెస్తాయి. సుక్రోజ్ విడిపోతే తప్ప ఆ పని చేయలేదు. దీనికి తోడు సోడా ఎక్కువైతే రంగు ఇంకా వేగంగా వస్తుంది. అందుకే పండు ఎంత నల్లగా ఉంటే అట్టు అంత తొందరగా ఎర్రబడుతుంది. గుజ్జు తడి వల్ల లోపల ఉడకడానికి మాత్రం మామూలు అట్టు కంటే ఎక్కువ సేపు కావాలి. పైన రంగు చూసి అయిపోయిందని తీస్తే లోపల ముద్ద.

దోసె పెనం వేడి దీనికి పనికిరాదు. దిబ్బరొట్టె వేసే తీరు గుర్తు తెచ్చుకోండి: సన్నసెగ, పైన మూత, ఓపిక. పెనాన్ని మధ్యస్థంగా వేడి చేసి సెగ తగ్గించాక, బట్టకు నెయ్యి అద్ది పలచగా తుడవండి. చిన్న గరిటెడు పిండి ఒక చోట పోసి వదిలేయండి, దోసెలా తిప్పొద్దు. అరచేయంత వెడల్పు చాలు, పెద్దగా వేస్తే తిప్పేటప్పుడు మధ్యలో విరుగుతుంది. మూత పెడితే పైభాగం ఆవిరికి ఉడుకుతుంది.

ఎప్పుడు తిప్పాలి? మైదా పాన్‌కేక్‌కు బుడగలు చూడమంటారు. గుజ్జున్న పిండి బరువు కాబట్టి బుడగలు తక్కువగా వస్తాయి, వాటి కోసం చూస్తూ కూర్చుంటే అడుగు మాడుతుంది. అంచులు చూడండి. తడిమెరుపు పోయి అంచు చుట్టూ వేలెడు మేర మసకబారాక అట్లకాడ కిందికి దూర్చండి, అతుక్కోకుండా వచ్చిందంటే తిప్పేయొచ్చు. రెండో వైపు మొదటి వైపుకు పట్టిన సమయంలో సగం చాలు. తిప్పాక అట్లకాడతో నొక్కకండి, కష్టపడి నింపిన గాలి అంతా పోతుంది. ఇనుప పెనం అయితే మూడో వాయికి వేడి బాగా పట్టేసి ఉంటుంది, మధ్యలో ఒక నిమిషం పొయ్యి మీంచి దించడం మంచిది. ప్రతి వాయికీ పెనం తుడవాలి, మిగిలిన తీపి మరకే తర్వాతి అట్టుకు నల్లచుక్కలు తెస్తుంది.

అట్టు లోపల అక్కడక్కడా ముదురు చారలు కనిపిస్తే కంగారు పడొద్దు, అవి అరటి గుజ్జులోని పోగులు నల్లబడినవే. రాత్రే పిండి కలిపి పెట్టుకుందామనుకునేవాళ్లు మాత్రం మానుకోవడం మంచిది, తెల్లారేసరికి పిండి బూడిదరంగుకు తిరుగుతుంది. పొద్దున పని తగ్గాలంటే పొడిపిండ్లు, ఉప్పు, యాలకుల పొడి రాత్రే ఒక డబ్బాలో కలిపి ఉంచుకోండి.

పండ్లు ఒకేసారి ముగ్గిపోతే తొక్క తీసి ముక్కలు చేసి, డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తొక్కతో పెడితే తర్వాత ఒలవడం నరకం. గడ్డకట్టినప్పుడు కణాలు పగులుతాయి కాబట్టి కరిగాక నీళ్లు వదులుతాయి. ఆ నీళ్లు పారబోయకండి, పండు తీపి అందులోనూ ఉంటుంది. పాలు ఆ మేరకు తగ్గించి ఆ నీళ్లతోనే పిండి కలుపుకోండి. చేసిన అట్లు మిగిలితే చల్లారాక మధ్యలో బటర్ పేపర్ పెట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచవచ్చు. తిరిగి వేడి చేయడానికి మైక్రోవేవ్ కంటే మూత పెట్టిన పెనం మేలు, మైక్రోవేవ్‌లో గోధుమ అట్టు మొదట మెత్తబడి, ప్లేటులో పెట్టేలోపే గట్టిపడుతుంది.